ఒట్టి దాగలి మీద టింగు

మా ఇంటికి సవతి లారీ ఎక్కి వచ్చింది.

అలా అంటే మా ఆయన ఇవామత్సుకి కోపం. "అది యంత్రమే, సవతేమిటే నీ మొహం" అంటాడు. యంత్రమైతే మాత్రం? చెప్పాపెట్టకుండా ఇంటికి తెచ్చాడా లేదా? నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా నిలబడ్డ చోట దాన్ని నిలబెట్టాడా లేదా? మరి దాన్ని సవతి అనక చెల్లెలనాలా?

మాది జపానులో తోసా సీమలోని యమద ఊరు. మా వీధి పొడుగునా కమ్మరి ఇళ్ళే. పారలు, కొడవళ్ళు, అడవిలో కట్టెలు నరికే కత్తులు చేస్తాం. మొగుడు కొలిమి ముందు కూర్చుని పట్టుకారుతో ఇనుము పట్టుకుంటాడు, పెళ్ళాం ఎదురుగా నిలబడి సమ్మెట వేస్తుంది. మా అత్తగారు మా మామగారికి వేసింది. నేను పెళ్ళై వచ్చిన మూడో రోజునే ఆవిడ సమ్మెట నా చేతిలో పెట్టి, "ఇదిగో కమే, అన్నం మాడిస్తే ఊరుకుంటాను, దెబ్బ తప్పితే ఊరుకోను" అంది. వంట నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. దెబ్బ మాత్రం తప్పలేదు.

కొలిమిలో మాటలుండవు. ఆ మోతలో ఎవరికి వినబడతాయి గనక! మా ఆయన కుడిచేతిలో చిన్న సుత్తి ఉంటుంది. దాగలి దిమ్మ మీద పెట్టిన ఇనుముకి అది ఎక్కడ తాకితే అక్కడ నేను సమ్మెట వెయ్యాలి. అది గట్టిగా పడితే గట్టిగా, మెత్తగా పడితే మెత్తగా. ఇనుము చల్లారిందనుకున్నప్పుడు సుత్తితో పక్కనున్న ఒట్టి దాగలి మీద టింగుమనిపిస్తాడు. ఆపమని దానర్థం. ఆ టింగు వినగానే నేను సమ్మెట దించేస్తాను, ఆయన ఇనుమును పక్కకు తిప్పి చూసుకుని మళ్ళీ నిప్పుల్లో పెడతాడు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. నోట్లో ముత్యాలున్నాయేమో, రాలిపోతాయని భయం ఆయనకి. ఇంట్లో ఆయనవి మూడే మాటలు: "అన్నం", "స్నానం", "నిద్ర". మా పెళ్ళి నాడు కూడా అంతే. మా నాన్న గిన్నె మీద గిన్నె బియ్యపు సారా, అదే సాకె, పోస్తుంటే తాగాడు గానీ "చాలు" అనలేదు పాపం, పీటల మీంచి వెనక్కి పడిపోయాడు. అలాంటి మనిషి కొలిమిలోకి వస్తే చిన్న సుత్తితో రోజంతా నాతో మాట్లాడతాడు. ఇక్కడ వెయ్యి, ఇంకొంచెం పక్కన, ఆఁ అదీ, నెమ్మది, మళ్ళీ, భేష్. భేష్ అన్నప్పుడు సుత్తి కొంచెం ఎగిరి పడుతుంది. ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. ఆ మాటల కోసమే నేను అన్నేళ్ళు ఆ పొగలో నిలబడ్డాను. సవతి వచ్చి వాటినే పట్టుకుపోతుందని నా ఏడుపు. అంతేగానీ ఇనుప ముక్క మీద నాకేం పగ?

అది ఎలా వచ్చిందంటే, మా కమ్మరుల తిత్తుల పండగకి ఇంకా రెండు రోజులుందనగా వచ్చింది. లారీలోంచి నలుగురు మగాళ్ళు దింపారు. గుర్రమంత ఎత్తు, పైన మోటారు, దానికో తోలు పట్టా, కింద తొక్కడానికో ఇనుప కడ్డీ. కాలితో తొక్కితే సమ్మెట తనంతట తనే దబదబా పడుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. బిగించడానికి వచ్చిన మెకానిక్ నన్ను చూసి నవ్వుతూ, "ఇంక మీకు విశ్రాంతేనమ్మా" అన్నాడు.

"విశ్రాంతి ఇవ్వమని నిన్నెవరు అడిగారయ్యా?" అన్నాను.

వాడు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన తోలు పట్టా వైపు చూశాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర నిలదీశాను.

"ఏమయ్యా, నేను పనికి రాకుండా పోయానా?"

"అన్నానా అలా?"

"మరి దాన్నెందుకు తెచ్చినట్టు?"

"అందరూ తెస్తున్నారు."

"అందరూ బావిలో దూకితే?"

ఆయన గిన్నె కింద పెట్టి, "స్నానం" అన్నాడు.

తిత్తుల పండగ నాడు కొలిమి వెలిగించకూడదు. సమ్మెట ముట్టకూడదు. కొలిమికి ఏడాదంతా ఊపిరి పోసిన తిత్తికి ఆ రోజు సెలవు. కొలిమంతా తుడిచి తిత్తి మీద కమలాపళ్ళు పెట్టి సాకె పోసి దణ్ణం పెట్టుకుంటాం. ఆ తర్వాత వీధి పిల్లలకి కమలాలు విసురుతాం. ఆ ఏడు కూడా మా ఆయన తిత్తికి పళ్ళు పెట్టాడు, దాగలికి పెట్టాడు, నా సమ్మెటకి పెట్టాడు. బాగానే ఉంది. ఆఖర్న ఒక పెద్ద పండు, ఆకుతో సహా ఉన్నది, ఏరి తీసి, యంత్రం నెత్తిన పెట్టి దాని పాదాల దగ్గర సాకె పోశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా ఒక్క పారైనా సాగగొట్టలేదు, దానికి ఆకుతో ఉన్న పండా! ఆయన అటు తిరగ్గానే ఆ పండు తీసి, తొక్క ఒలిచి, అక్కడే నిలబడి తినేశాను. మా ఆయన వెనక్కి తిరిగి ఖాళీ యంత్రాన్ని చూశాడు, నా దవడలు చూశాడు.

"పుల్లగా ఉందా?" అన్నాడు.

"తియ్యగానే ఉంది" అన్నాను. నిజానికి పళ్ళు జివ్వుమన్నాయి.

మా పక్కింటి సుగికి ఈ భాగవతం అంతా పండగకంటే ఎక్కువ పండగ. వాళ్ళాయన ఏడాది కిందటే యంత్రం తెచ్చాడు. సుగి గోడ మీద గడ్డం ఆనించి, "ఏం అక్కా, చిన్నావిడ ఎలా ఉంది? కాళ్ళు నొక్కుతోందా?" అంది.

"నా కాళ్ళు కాదే, దాని కాలే మా ఆయన నొక్కుతాడట!"

"పోనీలే అక్కా. నేను చూడు, ఏడింటిదాకా నిద్రపోతున్నా. చేతులు చూడు, ఎంత మెత్తబడ్డాయో. యాభైకి దగ్గరపడుతూ ఇంకా సమ్మెటేమిటి నీకు? ఆయాసం రాదూ?"

"నాకా? నాకు ఆయాసమా?" అని నడుం మీద చెయ్యి వేసుకున్నాను. "ఒసేయ్ పిచ్చిమొహమా, పెళ్ళైన కొత్తలో ఒక పార అయ్యేసరికి నాలుక బయటపెట్టి రొప్పేదాన్ని. ఈ రెండేళ్ళుగా చూడు, చెమటైనా సరిగ్గా పట్టడం లేదు. ఒళ్ళు రాటుదేలింది. ఇంకో ఇరవై ఏళ్ళు వేస్తా."

"నువ్వు మనిషివి కాదక్కా" అని సుగి దణ్ణం పెట్టింది. నాకు ఛాతీ ఉప్పొంగింది.

ఒక్క సంగతి సుగికి చెప్పలేదు. కుడిభుజం కొంచెం పట్టేసిన మాట నిజమే. అంతకు రెండేళ్ళ ముందు తుఫానులో ఇంటి కప్పు లేచిపోతుంటే మా ఆయనా నేనూ దూలానికి వేళ్ళాడాం. అప్పుడేదో నరం కలుక్కుమంది. చెయ్యి తలదాకా లేవదు. కానీ సమ్మెట తలపైకి ఎత్తక్కర్లేదు గదా, నడుం తిప్పి వేస్తే పడుతుంది. పడుతోంది గదా! మా ఆయనకి తెలిస్తే కొలిమిలోకి రానివ్వడని ఉతికిన బట్టలు కర్రకి ఆరేసేటప్పుడు ఆయన లేకుండా చూసుకునేదాన్ని.

పండగ అయిన మర్నాడు కొలిమి వెలిగింది. నేను లోపలికి వెళ్ళలేదు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని ముల్లంగి దుంపలు ఎండబెట్టడానికి తాళ్ళకి కడుతూ కూర్చున్నాను. ఆ గుమ్మంలోంచి కొలిమి చక్కగా కనిపిస్తుందన్నది వేరే విషయం. నేను ముల్లంగినే చూస్తున్నాను, ఒట్టు.

మోటారు గుర్రుమంది. మా ఆయన ఎడమచేత్తో పట్టుకారు, కుడిచేతిలో అలవాటుగా చిన్న సుత్తి, కాలు కడ్డీ మీద. నిప్పుల్లోంచి ఇనుము తీసి యంత్రం కింద పెట్టి తొక్కాడు. దబదబదబదబ! దానికి ఊపిరి లేదు, సందు లేదు. బలమైతే ఉంది, కాదనను. పార రేకు చూస్తుండగానే సాగింది. ఇదేదో పనిమంతురాలే దేవుడోయ్ అనుకున్నాను.

అంతలో మా ఆయన సుత్తితో పక్కనున్న ఒట్టి దాగలి మీద టింగుమనిపించాడు. ఎప్పటిలాగే ఇనుమును పక్కకు తిప్పాడు. కాలు మాత్రం కడ్డీ మీదే ఉంది!

సవతికి టింగు ఏం తెలుసు? దబ్బుమని పడింది. పార నిలువునా మడతపడి చెప్పులా తయారైంది.

నేను పకపకా నవ్వాను. చేతిలో ముల్లంగి జారి దొర్లిపోయింది. "ఏమయ్యా, ఆపమని చెవిలో చెప్పకపోయావా?" అని అరిచాను. మా ఆయన ఆ చెప్పును మూలకి విసిరి ఇంకో ముక్క నిప్పుల్లో పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

రెండోది తీశాడు. దబదబదబదబ. మళ్ళీ టింగ్. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ దబ్బు. ఈసారి పట్టుకారు ఎగిరి ఆయన మోకాలి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. నేను మళ్ళీ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ముందు భయం వేసింది. ఆ పట్టుకారు జానెడు ఇటు వచ్చుంటే? ఆ భయంలోనే కింద పడ్డ ఇనుము వైపు చూశాను.

అది నారింజ రంగులో ఉంది.

ఇనుము చల్లారుతూ ఎండుమిరప రంగుకి దిగేదాకా కొట్టాలి. నారింజ రంగులో ఉండగా ఆపడమంటే బొగ్గు మట్టిలో పోసినట్టే. మా అత్తగారు ప్రాణం ఉన్నంతకాలం ఇదే పాట. మా ఆయన ఆవిడకంటే పిసినారి, నేలమీద రాలిన బొగ్గు నలుసులు కూడా చేటలోకి ఎత్తుతాడు. అలాంటివాడు అంత మెరుస్తున్న ఇనుము ముందు ఎందుకు టింగుమన్నాడు? ఒకసారంటే పొరపాటు. రెండోసారి కూడా అక్కడే, అదే రంగు దగ్గర.

ముల్లంగి పక్కన పెట్టేశాను. సమ్మెట వేసేటప్పుడు నా కళ్ళు ఎప్పుడూ చిన్న సుత్తి తాకే చోటే ఉండేవి. రంగు చూడటం ఆయన పని, దెబ్బ వెయ్యడం నా పని. టింగుమంటే దించడం. రంగు సంగతి నాకెందుకు? ఈమధ్య ఆయాసం రావడం లేదని, చెమట పట్టడం లేదని సుగి ముందు విర్రవీగాను. ఇప్పుడేమో ఆ గొప్ప నా ఒంటిదో, ఆ టింగుదో తెలియకుండా పోయింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. గిన్నెలో వేడన్నం పెట్టి, ఊరవేసిన ముల్లంగి పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

"ఏమయ్యా, ఇందాక ఎందుకు టింగుమన్నావు?"

"అలవాటు."

"ఇనుము నారింజ రంగులో ఉండగా ఆపమనే అలవాటా? మీ అమ్మ చూస్తే అదే పట్టుకారుతో నీ వీపు చిట్లగొట్టేది."

ఆయన ముల్లంగి ముక్క నోట్లో వేసుకుని నమలసాగాడు. ముల్లంగి నమలడానికి అంతసేపు పట్టదు.

"ఎప్పట్నించి ఆ అలవాటు?"

ఆయన ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు.

"అడుగుతున్నా గదా! ఎప్పట్నించి?"

"తుఫానప్పట్నించి" అన్నాడు గిన్నెలోకి చూస్తూ.

నా చేతిలోని అన్నం తినే పుల్లలు కింద పెట్టేశాను. "నీకు తెలుసా?"

"జుట్టు ఎడమచేత్తో ముడేసుకుంటున్నావు గదా."

ఇంకేం చెప్పను! నేను బట్టలు ఆరేసేటప్పుడు దాక్కున్నాను గానీ రోజూ పొద్దున్నే ఆయన ఎదురుగానే జుట్టు ముడేసుకున్నాను. ఈయన అది చూశాడు. పక్కనే పిడుగు పడినా తల తిప్పని మనిషి, నేను ఏ చేత్తో ముడేసుకుంటున్నానో చూశాడు.

అప్పుడు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "దొంగా! రెండేళ్ళు! రెండేళ్ళు నాకు దొంగ టింగులు కొట్టావా? ఇనుము చల్లారిందని ఆపుతున్నావనుకున్నానే నేను! నా ఒళ్ళు రాటుదేలిందని ఊరంతా చాటుకున్నానే! బొగ్గు నలుసు పారెయ్యని వాడివి, ఒక్కో పారకి రెండింతల బొగ్గు తగలేశావా? నాకొక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్తే దించేదానివా సమ్మెట?"

"చచ్చినా దించను."

"అందుకే చెప్పలేదు."

కళ్ళు తుడుచుకున్నాను. "మరి ఇదెందుకు తెచ్చావు? అలాగే కొట్టుకుంటూ పోవాల్సింది."

మా ఆయన తన పుల్లలు తీసి పక్కపక్కన సర్ది పెట్టాడు. ఆ మూడు మాటలు కాక ఇంకో మాట వెతుక్కోవడానికి ఆయనకి అంత సమయం పడుతుంది.

"టింగు రోజురోజుకీ ముందుకొస్తోంది కమే" అన్నాడు. "నీ చెయ్యి తొందరగా అలిసిపోతోంది. ఇంకా ముందుకొస్తే నీకే తెలిసిపోయేది."

"తెలిస్తే?"

"చెయ్యి పోయిందని బాధపడతావు. అదే యంత్రం తెస్తే నామీద కోపం వస్తుంది." గిన్నె అటూ ఇటూ తిప్పాడు. "నామీద కోపం నాలుగు రోజుల్లో పోతుంది గదా."

నోరు పుట్టాకే నేను పుట్టానని మా అమ్మ అనేది. ఆ నోటిని పక్కనపెట్టి లేచి, ఆయన గిన్నె లాక్కుని, అడక్కుండానే రెండోసారి అన్నం పెట్టాను. గిన్నె నిండిపోయి పొర్లిపోతున్నా పెడుతూనే ఉన్నాను. ఆయన వద్దనలేదు, పెళ్ళినాడు అనలేదు, ఇప్పుడేమంటాడు!

అన్నాలయ్యాక ఆయన కొలిమిలోకి వెళ్ళాడు. నేను గిన్నెలు కడిగినట్టు చేసి, తలకి గుడ్డ కట్టుకుని, పీట చంకన పెట్టుకుని వెనకే వెళ్ళాను. నన్ను చూడగానే మూలనున్న సమ్మెటకి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు కమే."

"ముట్టుకోనులే. నీ కాలు తియ్యి."

"ఏమిటి?"

"కడ్డీ మీంచి కాలు తియ్యమంటున్నా. దానికి చెవులు లేవు, చూశావుగా. నాకున్నాయి."

ఆ కడ్డీ యంత్రం చుట్టూ వంపు తిరిగి ఉంటుంది. పక్కనుంచి కూడా తొక్కొచ్చు. ఆయనకి ఎదురుగా, నేను ఎప్పుడూ నిలబడే వైపునే, పీట వేసుకుని కూర్చుని కాలు ఆనించాను. మా ఆయన నన్ను చూశాడు, యంత్రాన్ని చూశాడు. ఏమీ అనకుండా ఇనుము నిప్పుల్లో పెట్టి తిత్తి లాగాడు.

మొదట గట్టిగా తొక్కాను. అది వెర్రెత్తినట్టు దూకింది, ఇద్దరం అదిరిపడ్డాం. రెండోసారి ఆయన సుత్తి చూసుకుని తొక్కాను. సుత్తి మెత్తగా పడితే కాలు కొంచెం ఎత్తాను, గట్టిగా పడితే అదిమాను. ఇక్కడ వెయ్యి. ఇంకొంచెం. నెమ్మది. సవతిది బుద్ధి మంచిదే, మెడ వంచింది. పార భుజాలు ఒంపు తిరిగాయి. రేకు అంచు సన్నబడింది. నేనీసారి రంగు కూడా చూస్తున్నాను.

టింగ్.

ఇనుము నారింజ రంగులో ధగధగలాడుతోంది. నేను కాలు తియ్యలేదు. దబదబదబదబ.

మా ఆయన తలెత్తాడు. అదృష్టం, ఇనుము తిప్పలేదు. "టింగుమన్నా గదా!" అని నోరు కదిపాడు.

"విన్నాను!" అని మోటారు మోత మీద అరిచాను. "కాలితో తొక్కుతున్నానయ్యా, భుజంతో కాదు! ఇంకా నారింజ రంగే! కొట్టు, దొంగ సచ్చినోడా, కొట్టు!"

ఆయన నోరు తెరిచాడు. మోతలో శబ్దం వినబడలేదు గానీ, భుజాలు కదిలాయి, పళ్ళు కనిపించాయి. కొలిమిలో మా ఆయన నవ్వడం నేనదే మొదటిసారి చూడటం. పట్టుకారు వణుకుతోంది, అయినా వదల్లేదు. ఇనుము నారింజ దాటింది, ఎర్రబడింది, ఎండుమిరప రంగుకొచ్చింది. అప్పుడు టింగుమంది. నేను కాలు తీశాను.

యంత్రం ఆగింది. ఆయన ఇనుమును పక్కకి తిప్పి, కంటి దగ్గరికి తెచ్చుకుని చూసి, మళ్ళీ నిప్పుల్లోకి తోశాడు. వీపు నా వైపు పెట్టి తిత్తి లాగుతున్నాడు. మోటారు మోత తగ్గింది, నిప్పులు చిటపటమంటున్నాయి.

"కమే" అన్నాడు, వెనక్కి తిరక్కుండా. "రేపు కూడా రా."

నేను పీట కడ్డీ దగ్గరికి ఇంకొంచెం జరుపుకున్నాను.

"రాక ఎక్కడికి పోతానయ్యా" అన్నాను.